ఈశాన్యం మూల

జగన్మోహన్‌రావు చాయ్ సాసరు తెచ్చి ప్లాను మీదనే పెట్టాడు. సరిగ్గా వంటింటి మీద. తీసేసరికి అక్కడ గుండ్రటి మరక. హనుమండ్లు ఆ మరకను చూశాడు, దొరను చూశాడు, మళ్లీ మరకనే చూసి నోరు మూసుకున్నాడు. ఇల్లు ఆయనది, సాసరు ఆయనది. కాగితం ఒక్కటే తనది.

"మెట్లు గిటు దిక్కెందుకు వచ్చినయోయ్?"

"మొన్న మీరే అటు నుంచి తీసి ఇటు పెట్టుమన్నరు దొరా."

"నేనన్ననా?" జగన్మోహన్‌రావు మనసారా నవ్వాడు. "అనే ఉంట తీ. అయితే నువ్వు వద్దనాలె గదా. నేను చెప్పిందల్ల గీసుకుంట కూసుంటే ఇగ నువ్వెందుకు?"

ఆయనకు ఏది కావాలో ఆయనకు తెలియదు. ఏది వద్దో మాత్రం గీసి తెచ్చాక వెంటనే తెలుస్తుంది. ఊళ్లో కోటలాంటి గడీకి తాళం వేసి సిరిసిల్లలో కిరాయి ఇంట్లోకి దిగినప్పటి నుంచీ ఇదే వరస. ఊరు మునుపటి ఊరు కాదు, దొరలు పొద్దుగూకితే బయట కూర్చునే రోజులు కావు. అందుకని ఆ గడీని ఇక్కడ బజారులో మళ్లీ కట్టుకోవాలని ఆయన కోరిక. గడీ అంత ఉండాలి, బజారు ఇల్లులాగా కనపడాలి. పూజగది రెండు సార్లు గోడ దాటింది. ఆఫీసు గది అని మొదలైన గది ఇప్పుడు ధాన్యం గది. మారిన ప్రతిసారీ హనుమండ్లు ఇంటికి పోయి, ట్రేసింగ్ కాగితం మీద ఇంకు గీతలను బ్లేడుతో గోకి, గోకిన చోట గోరుతో నున్నగా రుద్ది, మళ్లీ గీయాలి. మెట్లు ఉన్న చోట కాగితం ఉల్లిపొర అయిపోయింది.

హనుమండ్లు వడ్రంగుల ఇంటి పిల్లవాడు. తండ్రి దర్వాజాలు చేశాడు, ఇతడు ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ చదివి ఇళ్లకు ప్లాన్లు గీస్తున్నాడు. ఎవరి దగ్గరా కొలువు లేదు. ఇంటి ముందు గదిలో వాలుబల్ల ఒకటి, గోడకు టీ స్కేలు ఒకటి, అదే ఆఫీసు. ఇన్నాళ్లూ గీసినవన్నీ రెండు గదుల ఇళ్లు, మరమగ్గాలు నడిచే సాంచల షెడ్లు. సిరిసిల్లలో కల్యాణమండపం కట్టే కమిటీకి జగన్మోహన్‌రావు పెద్ద. ప్లాను మార్చమన్న ప్రతిసారీ ఆయన భుజం మీద చెయ్యేసి "మండపం నీకేనోయ్, ఇంకెవలికిస్త?" అంటాడు. ఆ మాట వినగానే హనుమండ్లు బ్లేడు తీసుకుంటాడు. ఆ మండపం ముందువైపు ఎట్లా ఉండాలో, ఎన్ని కమానులు రావాలో అతడు ఎప్పుడో గీసి పెట్టుకున్నాడు. దేవకికి తప్ప ఎవరికీ చూపలేదు.

"ఏదో లోటున్నది ఈ ప్లాన్‌ల" అన్నాడు జగన్మోహన్‌రావు, కాగితాన్ని చేతి దూరాన పట్టి. "మెట్లు గాదు. ఇంకేందో. మనసున పడుతలేదు. మొత్తం మల్ల మొదటి నుంచి గీసి తేరాదు?"

మొత్తం మొదటి నుంచి. లోటు గీతలో లేదని ఎట్లాగైనా చెప్పాలి. హనుమండ్లు ఆ క్షణాన తోచింది అనేశాడు.

"ప్లాన్‌ల లోటు లేదు దొరా. జాగలనే ఉన్నది. మీకు ఈశాన్యం తెగింది."

జిల్లాకు వాస్తు పిచ్చి కొత్తగా పట్టిన రోజులవి. మంచిగా ఉన్న గుమ్మాలు పెరికి పక్క గోడలో పెట్టుకుంటున్నారు జనం. జగన్మోహన్‌రావు నవ్వు ఆగిపోయింది. కాగితం మెల్లగా కింద పెట్టి, సాసరును తనే పక్కకు జరిపాడు.

"తెగుడంటే?"

"గీ మూల సూడుండ్రి. నాలుగు మూలల జాగ గావాలె. ఈడ శంకరవ్వ ఇల్లు లోపలికి వచ్చింది. గా మూల లేకపోతే ఎన్నిసార్లు గీసినా మనసున పట్టది."

"గంతేనంటవా?"

"గంతే."

జగన్మోహన్‌రావు ఆ మూల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తరువాత హనుమండ్లు వైపు చూసిన చూపులో మొదటిసారిగా కొంత మర్యాద ఉంది. "వాస్తు ఎరుకున్న వడ్లోల్ల రక్తం ఏడికి పోతది" అన్నాడు. మెట్లు ఎటున్నా సరేనన్నాడు. హనుమండ్లు ప్లాను చుట్టుకొని ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు. ఇంతకాలానికి దొర నోరు మూయించే మంత్రం దొరికిందని మురిసిపోయాడు, పిచ్చివాడు.

* * *

పునాదికి ముగ్గు పోయాలని రాయమల్లు మేస్త్రీ కబురు పెడితే హనుమండ్లు పొద్దున్నే జాగ దగ్గరికి పోయాడు. వీధి అంతా సాంచల చప్పుడు. ఆ మరమగ్గాల నడుమ శంకరవ్వది పాత పెంకుటిల్లు, ఒకటిన్నర గది. లోపల మగడు నేసిన గుంత మగ్గం ఇంకా ఉంది, నేసేవాడు లేడు. ఆమె గడపలో కూర్చుని సాంచల సేటుకు నూలు కండెలు చుట్టి బతుకుతోంది.

పునాది గుర్తుకు కొట్టిన మేకు ఆమె వాకిట్లో దిగి ఉంది. దానికి కట్టిన దారం తిన్నగా పోయి ఆమె గోడకు తగిలి, గోడ అవతల మళ్లీ మొదలై, ఇంకో మేకు దగ్గర ముగిసింది.

జగన్మోహన్‌రావు తెల్ల లాల్చీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, శంకరవ్వకు ఎదురుగా, చుట్టాన్ని పలకరించడానికి వచ్చినట్టు.

"ఒక్కదానివి. నీకీ కొంపెందుకే? చెరువు దిక్కు జాగ ఇస్త. మీద రేకులు గూడ ఏపిస్త."

"నాకద్దు దొరా."

"మరి ఏం గావాలె? అడుగు."

"ఏమద్దు. గీడనే ఉంట."

"ఎందుకో చెప్పు. నాకు సమజ్ కావాలె గదా."

శంకరవ్వ చెప్పలేదు. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి నూలు జారవిడుస్తూ, తల వంచుకొని కండె నింపింది. నిండిన కండెను తీసి గంపలో వేసి ఇంకొకటి పెట్టింది. జగన్మోహన్‌రావు చూసి చూసి లేచాడు. కోపం తెచ్చుకోలేదు. ఆయన కోపం తెచ్చుకోగా ఎవరూ చూడలేదు.

"ఉండు మరి. ఎవలు పొమ్మన్నరు?" అని, ట్రాక్టరు వాడి వైపు తిరిగాడు. "కంకర ఈడ పోయిరా. గిదే మంచిగున్నది, నీడకు."

ట్రాక్టరు వెనక్కి వచ్చి శంకరవ్వ గుమ్మానికి అడ్డంగా కంకర కుమ్మరించింది. నడుము ఎత్తు లేచింది గుట్ట. రాళ్లు కొన్ని గడప దాటి లోపలికి దొర్లి రాట్నానికి తగిలాయి. దుమ్ము తగ్గాక ఆమె లేచి, వాటిని ఒక్కొక్కటే ఏరి బయటికి వేసింది. జగన్మోహన్‌రావు అప్పటికే మేస్త్రీతో సిమెంటు సంగతి మాట్లాడుతున్నాడు.

మధ్యాహ్నం నల్లా నీళ్లు వచ్చినప్పుడు ఆమె బిందె చంకన పెట్టుకొని గుట్ట ఎక్కి దిగింది. దిగేటప్పుడు కాలు జారి మోకాలు చీరుకుపోయింది. నీళ్లు సగం పోయాయి. అక్కడ పని చేసే కూలీలలో ఒకడు నవ్వాడు, తరువాత ఎందుకు నవ్వానా అని తల తిప్పుకున్నాడు. బిందె లోపల పెట్టి వచ్చి శంకరవ్వ హనుమండ్లు దగ్గర నిలబడింది.

"సారూ, దారం తప్పు పడ్డట్టున్నది. నా ఇంట్ల నుంచి పోతాంది. జర సూడుండ్రి."

హనుమండ్లు టేపు చుట్టుకుంటూ ఉన్నాడు. "దొర చెప్పిన కొలతే అవ్వా."

"మీరు చెప్తె ఇంటడట గదా. తప్పు పడ్డదని చెప్పుండ్రి."

అతడు టేపు చుట్టడం ముగించి సంచీలో వేసుకున్నాడు. ఆమె కాసేపు చూసి, మోకాలి మీది రక్తాన్ని కొంగుతో అద్దుకొని, మళ్లీ గుట్ట ఎక్కి ఇంట్లోకి పోయింది. రాయమల్లు ముగ్గు డబ్బా కింద పెట్టాడు.

"ఈశాన్యం తెగిందని నువ్వే చెప్పినవట గదా, హనుమండ్లన్నా."

"ఊకె ఏదో మాటకన్న."

"గా మాటకే ఇదంత" అన్నాడు రాయమల్లు. కంకర గుట్ట వైపు చూపించలేదు, చూపించనక్కర లేదు.

ఆ సాయంత్రం దేవకి గడపలో బీడీలు చుడుతూ భర్త చెప్పిందంతా విన్నది. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచే దాకా ఒక్క మాట మాట్లాడదు ఆమె. మడిచాక అంది.

"గా దొరను ఇడిచిపెట్టు."

"ఇప్పుడా? ఇన్నొద్దులు చేసి, పునాది పడేటప్పుడా?"

"ఇంకెప్పుడు? గోడలు లేసినంకనా?"

"నేనిడిస్తే ఆమెకేం ఒరుగుతది? ఇంకోన్ని తెచ్చుకుంటడు. మండపం గూడ వానికే ఇస్తడు."

"ఆమెకేం ఒరుగుతదో నాకెరుకలేదు. నువ్వు గా దారం కాడ నిలబడకుంట అయితవు గదా."

హనుమండ్లు చేతులు కడుక్కొని అన్నానికి కూర్చున్నాడు. అన్యాయం జరుగుతోందని అతడికి తెలుసు. ఆ ముసలిదాని ఇల్లు నిలబడాలని నిజంగానే ఉంది. దొర చెయ్యి వదలకుండా నిలబెట్టే దారి ఏదైనా ఉంటే బాగుండునని కూడా ఉంది. అన్నం తింటూ ఉండగా ఆ దారి తట్టింది. వాస్తుతో పెట్టిన ముడిని వాస్తుతోనే విప్పవచ్చు. మొహం వెలిగిపోయింది. దేవకి మళ్లీ అన్నం వడ్డించబోయి ఆ మొహం చూసి ఆగింది, ఎందుకో భయపడింది.

* * *

హనుమండ్లు తండ్రి వాడిన కొయ్య గజాన్ని అటక మీది నుంచి దింపి, తుడిచి, చంకన పెట్టుకొని పోయాడు. ఐ.టి.ఐ. టేపుతో చెప్పే మాటకు బరువు ఉండదని అతడికి తెలుసు. జగన్మోహన్‌రావు చూస్తుండగా కంకర గుట్ట దాటి శంకరవ్వ వాకిట్లోకి దిగాడు. గజంతో అటు కొలిచాడు, ఇటు కొలిచాడు. వంగి మట్టి పిడికెడు తీసి నలిపి వాసన చూశాడు. ఆమె చెంబులోంచి నీళ్లు అరచేతిలో పోసుకొని నేల మీద చల్లి, అవి ఎట్లా ఇంకుతాయో రెప్ప వేయకుండా చూశాడు. ఆ వేషం వేస్తుంటే లోపల నవ్వు కూడా వచ్చింది. శంకరవ్వ గడపలో కండె చుడుతూ ఇదంతా చూస్తోంది.

"ఏమైందోయ్?" అన్నాడు జగన్మోహన్‌రావు.

"ఈ మూల మనకద్దు దొరా. శల్యమున్నది."

"శల్యమా?"

"భూమిల ఎముక. గసొంటి జాగ కలుపుకుంటే ఇంటి యజమానికి గండం. మనకున్న జాగనే మంచిది. తెగిన ఈశాన్యానికి వేరే ఉపాయం చెప్త."

జగన్మోహన్‌రావు మొహం తెల్లబడింది. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరికీ భయపడని మనిషి, ఊరు విడిచి వచ్చాక అన్నిటికీ భయపడుతున్నాడు. "ఏం ఎముక? కుక్కదా, పసరందా?"

అబద్ధం బాగా సాగుతుంటే మనిషికి ఆపాలని ఉండదు. "మనిషిది" అన్నాడు హనుమండ్లు. ఇంటి బయట ఎక్కడ చూపించినా తవ్వి చూస్తారు. అందుకని ఎవరూ పోలేని చోటు చూసుకున్నాడు. గజం ఎత్తి గుమ్మంలోంచి లోపలికి, మగ్గం గుంత పక్కకు చూపించాడు. "గాడ."

రాట్నం ఆగింది. శంకరవ్వ చేతిలో నూలు తెగి కిందికి వేలాడింది. ఆమె హనుమండ్లును చూసిన చూపు అతడికి తరువాత కూడా గుర్తుండిపోయింది కానీ, అప్పుడు దానికి అర్థం వేరేగా తీసుకున్నాడు. ముసలిది పాపం, ఇంట్లో ఎముక ఉందంటే జడుసుకుంది, దొర పోయాక నిజం చెప్పి ధైర్యం చెబుదాం అనుకున్నాడు. దొర మాత్రం అతణ్ని వెంటబెట్టుకునే పోయాడు, దారి పొడుగునా గండాల గురించే అడిగాడు.

హనుమండ్లు ఇంటికి పోతూ జిలేబీ కొన్నాడు. ఇల్లు నిలిచింది, దొర నిలిచాడు, మండపం నిలిచింది. దేవకి జిలేబీ ముట్టలేదు.

"మరి ఇడిచిపెడుతనని చెప్పినవా?"

"అవసరమేమున్నది? అంత సక్కగ అయింది గదా."

"నువ్వు గా దొరతోని ఒక్క నిజం మాట్లాడలేవు" అంది దేవకి. చేతిలోని బీడీ వంకరగా వచ్చిందని విప్పి మళ్లీ చుట్టింది.

* * *

మరునాడు ఎండ ఎక్కేసరికి శంకరవ్వ ఇంటి ముందు వీధంతా నిండింది. సాంచలు ఆపి మరీ వచ్చారు జనం. హనుమండ్లు పోయేసరికి గుంత మగ్గం కొయ్యలు బయట ఎండలో పడి ఉన్నాయి. లోపల గడ్డపార దిగుతున్న చప్పుడు.

"రా రా, నీకోసమే చూస్తున్న" అన్నాడు జగన్మోహన్‌రావు. మనిషి హుషారుగా ఉన్నాడు. "రాత్రంత నిద్ర లేదు. పొద్దున్నే గుడి అయ్యగారిని పిలిపించి అడిగిన. శల్యముంటె తీసేస్తే దోషం పోతదట. గంగల కలిపి శాంతి చేస్తే గా జాగంత మంచిది ఇంకోటుండదట. గీ ముక్క నువ్వెందుకు చెప్పలే?"

శంకరవ్వ మూలన గోడకు ఒరిగి నిలబడి ఉంది. అరవడం లేదు, శాపనార్థాలు పెట్టడం లేదు. హనుమండ్లును చూడగానే గబగబా వచ్చి కాళ్ల మీద పడింది.

"అయ్యా, మీకంత ఎరుకే. నీ కాల్మొక్కుత, గాడ తవ్వద్దని చెప్పు. ఇల్లు తీసుకోనియ్యి. ఇచ్చేస్త. తవ్వద్దని చెప్పు."

"లే అవ్వా, లే. గాడ ఏం లేదు" అంటూ ఆమెను లేపి, హనుమండ్లు దొర వైపు తిరిగాడు. "దొరా, ఆపుమనుండ్రి. నేను అబద్ధం చెప్పిన. శల్యం లేదు, ఏం లేదు. ఆమె ఇల్లు పోవద్దని ఊకెనే అన్న."

జగన్మోహన్‌రావు ఆ మాటలు విని చిన్నపిల్లవాడి తప్పు మన్నించినట్టు నవ్వాడు. "నీ మెత్తదనం నాకెరుకేనోయ్. ముసల్ది కాళ్ల మీద పడంగనే కరిగిపోయినవు. గిట్లయితే ఎట్ల బతుకుతవు?"

"కాదు దొరా, నిజంగనే..."

లోపల గడ్డపార ఆగింది. కూలీ ఒకడు బయటికి వచ్చాడు, వట్టి చేతులతో. చేతులు లాగుకు తుడుచుకున్నాడు. రాయమల్లు లోపలికి పోయి, చిన్న కుండను రెండు చేతులతో పట్టుకొని వచ్చాడు. పాలు తోడు పెట్టే గురిగి అంత ఉంది. మూతి మీద కప్పిన మూకుడు పగిలింది. లోపల మట్టిపట్టిన నేత గుడ్డ, ఆ గుడ్డలో సన్నటి ఎముకలు.

హనుమండ్లు ఆ కుండలోకి చూశాడు. చూసినా నమ్మలేదు. తను గజం ఎత్తి ఊరికే చూపించిన చోటు. జగన్మోహన్‌రావు చెయ్యి వచ్చి అతడి వీపు మీద గట్టిగా పడింది.

"లేదంటివి గదోయ్!" అని, జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "చూసిండ్రా? మట్టి వాసన చూసి చెప్పిండు. మనిషిదని చెప్పిండు, మగ్గం పక్కకని చెప్పిండు. ఇసొంటోడు మన జిల్లాల ఇంకొకడున్నడా?"

శంకరవ్వ రాయమల్లు చేతిలోంచి కుండను తీసుకొని కొంగులో పెట్టుకుంది. ఎవరూ అడగకుండానే చెప్పింది, నేల చూస్తూ.

"బొడ్డు ఊడకముందే పోయిండు. మా అత్త అన్నది, బయట పెట్టద్దు, ఇంట్లనే పెట్టుకుంటె మల్ల నీ కడుపులకే వస్తడని. రాలే. ఇంట్లనైతే ఉన్నడు గదా అనుకున్న."

అదే ఆమె చెప్పని సంగతి. ఆమె ఇల్లు అమ్మకపోవడానికి వేరే కారణం లేదు. వింటున్న ఆడవాళ్లలో ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొర మాత్రం ఆ జాలిని ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"అంటే ఇన్నేండ్ల సంది బజారు నడుమ పీనుగును పెట్టుకొని కాపురం చేస్తాంది. మీరందరు ఈమె చేతి నీళ్లు తాగిండ్రు. మీ సాంచల మీద ఈమె చుట్టిన కండెలు నడిచినయి. వీధికి అరిష్టం ఏడి నుంచి వచ్చిందో ఇగ మీరే చూసుకోండ్రి."

అంతే అన్నాడు. మిగతాది వీధి చేసుకుంది. ఒకామెకు మొన్న పోయిన గేదె గుర్తుకు వచ్చింది. ఇంకొకామెకు కోడలి కడుపు నిలవకపోవడం గుర్తుకు వచ్చింది. సాంచల సేటు మనిషి వచ్చి, సగం నిండిన కండెల గంపను వేలు తగలకుండా కట్టెతో లాక్కుని పోయాడు. ఇందాక కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్లే "ఎటన్న పోరాదు శంకరవ్వా, పిల్లలు గలోల్లం" అన్నారు. ఇల్లు ఖాళీ చేయమని దొర నోటి నుంచి ఒక్క మాట రాలేదు, రావలసిన పని పడలేదు. పొద్దు వాలకముందే పెంకులు దింపడం మొదలైంది.

హనుమండ్లు అక్కడే నిలబడ్డాడు.

* * *

ఆ మరునాడు ప్లాను చుట్ట చంకన పెట్టుకొని హనుమండ్లు దొర ఇంటికి పోయాడు. దారిలో మూడు మాటలు కూర్చుకున్నాడు. మీ పని చేయను. మండపం వద్దు. నన్ను మళ్లీ పిలవద్దు. గుమ్మం ఎక్కేసరికి వాటిలో ఒకటే మిగిలింది.

"ఇగ నాతోని కాదు దొరా. వేరేటోన్ని చూసుకోండ్రి."

జగన్మోహన్‌రావు పేపరు చదువుతున్నాడు. తల ఎత్తి, అర్థం కానట్టు చూశాడు. "ఏం కాదు?"

"మీ ఇల్లు. నేను చెయ్య."

"చేసేందుకు ఇంకేమున్నదోయ్? మూల కలిసింది. లోటంత పోయింది. పొద్దున యాది చేసుకుంటె గా ప్లానే ఎంత మంచిగ కొట్టిందో, మెట్లు గూడ మంచిగనే ఉన్నయి." చెయ్యి చాచి అతడి చంకలోంచి ప్లాను తనే తీసుకున్నాడు. "పో, జర రెస్టు తీసుకో. పరేషాన్ మీదున్నవు. మండపానికి మాత్రం నువ్వే. కమిటీల అందరికి చెప్పిన. కాదన్నోడు ఒక్కడు లేడు."

హనుమండ్లు వట్టి చేతులతో వాకిట్లో నిలబడ్డాడు. ఒకరిని విడిచిపోవాలంటే, నీ అవసరం వారికి ఇంకా ఉన్నప్పుడే పోవాలి. కంకర పడిన నాడు పోయి ఉంటే దొర అయినా ఆగి ఆలోచించేవాడేమో. ఇప్పుడు అతడు పోయినట్టు కూడా ఎవరూ గుర్తించలేదు.

ఇంటి ముందు ఎవరివో చెప్పులు ఉన్నాయి. ముందు గదిలో బెంచీ మీద ఇద్దరు, కింద చాప మీద ఒకాయన, అందరి చేతుల్లో కాగితం చుట్టలు. వేములవాడ నుంచి ఒకరు, జగిత్యాల నుంచి ఒకరు, శల్యం సంగతి విని వాస్తు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు. అతణ్ని చూడగానే లేచి నిలబడ్డారు. ఇన్నాళ్లు అతని కోసం ఎవరూ లేచి నిలబడలేదు. దేవకి లోపలి గుమ్మంలో నిలబడి, వాళ్ల వెనుక వాకిట్లోకి కళ్లతో చూపించింది.

శంకరవ్వ మెట్టు కింద ఒదిగి కూర్చుని ఉంది, వచ్చేటప్పుడు అతడి కంట పడనే లేదు. పక్కన బట్టల మూట, రాట్నం. ఒడిలో కొంగు కింద కుండ. ఎంతసేపటి నుంచి కూర్చుందో, ముందు వచ్చినవాళ్ల పని అయ్యాకే తన వంతు అనుకున్నట్టుంది. హనుమండ్లు తిరిగి మెట్టు దిగి ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"శంకరవ్వా, నాకేం తెల్వది. నీ మీదొట్టు, నేను అబద్ధమాడిన. ఊకెనే చూపించిన గా చోటు. మట్టి వాసన లేదు, ఏం లేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. అతడి మీద కోపం ఉన్నట్టు కూడా లేదు.

"నేను దాపెట్టిన, నా తప్పే. నీకు ఆగుపడ్డది, చెప్పినవు. నా మీద కోపముంటె ఉండనియ్యి అయ్యా. పసిపోరనికి ఒక్క మాట చెప్పు."

"ఏం చెప్పాలె?"

"ఏ దిక్కుకు పెట్టాలె వీన్ని? ఈసారి తప్పు పోవద్దు."

గదిలో ఉన్న ముగ్గురూ గుమ్మంలోకి వచ్చి మెడలు చాచారు, ఆ జవాబు తమకూ పనికివస్తుందని. హనుమండ్లుకు తెలియదన్న మాటే మళ్లీ నోటికి వచ్చింది. ఆమె కళ్లలోకి చూశాక అనలేకపోయాడు. తెలియదంటే ఆమె ఆ కుండను ఒడిలోనే పెట్టుకొని ఊరూరా తిరుగుతుంది.

"తూర్పుకు" అన్నాడు. "చెరువు కట్ట దాటినంక, తూర్పుకు."

"ఎంత లోతు?"

"నడుము లోతు."

ఆమె లెక్క మనసులో పెట్టుకున్నట్టు తల ఊపి, కుండను సర్దుకొని లేచింది. మూట భుజాన వేసుకుంది. రాట్నాన్ని దేవకి వచ్చి అందించింది. రెండడుగులు వేసి శంకరవ్వ వెనక్కి తిరిగింది.

"గాడ మల్ల ఎవలు తవ్వరు గదా అయ్యా?"

"తవ్వరు" అన్నాడు హనుమండ్లు.

ఆమె నమ్మింది.